పచ్చడి పారేసి మాత్రలిచ్చాను

మా పిన్ని గురువారం అబూధాబీలో ఆసుపత్రిలో కన్నుమూసింది. కన్నుమూసింది అనడం మర్యాద కోసం. ఆమె కొట్టుకుని, తన్నుకుని, పోట్లాడి పోయింది.

ఆ ఊరి శివారు బనియాస్‌లో ఒక ఇంట్లో పన్నెండేళ్ళు పనిచేసింది. తివాచీ దులిపితే వీధి చివరికి వినిపించేది. పదో తరగతితో చదువు ఆపేస్తానని నేనంటే ఫోన్‌లోనే, "కాళ్ళు విరగ్గొడతానే!" అంది. మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేను. ఆ తిట్టు వల్లే ఇది రాయగలుగుతున్నాను.

పిన్నికి రక్త క్యాన్సర్ అని తెలిసి అమ్మా నేనూ అక్కడికి వెళ్ళాం. అమ్మ మూలకణాలు పిన్నికి ఎక్కించారు. క్యాన్సర్ తగ్గింది. కానీ ఒంట్లో రోగాన్ని ఆపే కాపలా లేని ఆ రోజుల్లో ఒక వైరస్ మూత్రాశయాన్ని చీల్చేసింది. నెత్తుటి గడ్డలు పడేవి. నొప్పి వస్తే మంచం చువ్వను తన్నేది, గొట్టం పీకేసేది. పట్టుకోబోతే నా చెంప పగలగొట్టింది. తర్వాత ఆ చెంపే నిమిరి, "తగిలిందేంటే? చదువుకున్న చెంప కదా, మెత్తగా ఉంది" అని నవ్వింది.

మందులకు వైరస్ లొంగలేదు. అమ్మ ఊరికెళ్ళే ముందు ఇచ్చిన రక్తంలోంచి, ఆ వైరస్‌ను వెతికి చంపే కణాలను తయారుచేసి ఎక్కించారు. "చిన్నప్పుడు మీ అమ్మ నన్ను బాదినట్టు దాన్నీ బాదాలి," అంది పిన్ని.

ఆ వారమే అమ్మ పంపిన పార్సెల్ వచ్చింది. ఆవకాయ, ఒక పొట్లంలో మాత్రలు. ఇలాంటి రోగులకు పచ్చళ్ళు కూడదని చదివాను కాబట్టి ఆవకాయ పారేశాను. మాత్రలు ఇచ్చాను. మీకూ తెలిసే ఉంటాయవి, ఊళ్ళో ఆర్‌ఎంపీ పొట్లం కట్టిచ్చేవి, ఏ నొప్పినైనా పూటలో తీసేసేవి. మందే కదా అనుకున్నాను.

మూడు రోజులు పిన్ని లేచి కూర్చుంది. కణాలు గెలుస్తున్నాయని సంతోషంతో ఏడ్చాను. నాలుగో రోజు మళ్ళీ నెత్తురు, ముందుకంటే ఎక్కువ. వేరే మందులేమైనా వాడారా అని డాక్టర్ అడిగితే పొట్లం తీసి చూపించాను. అవి స్టెరాయిడ్ మాత్రలని తేలింది. వైరస్‌ను చంపాల్సిన కణాలనే చావగొడతాయట.

నేను నోరు తెరిచేలోపే పిన్ని, "మైనే మంగాయా డాక్టర్, ఇస్‌కో కుఛ్ మాలూమ్ నహీ" అంది. తానే తెప్పించుకుందట, నాకేమీ తెలియదట. కాదనబోతే నా మణికట్టు విరిగేలా నొక్కింది. "నోర్ముయ్. ఖలాస్."

మాత్రల వల్లే పోయిందని డాక్టర్ అనలేదు. కాదనీ అనలేదు. ఇచ్చింది నేనే. అమ్మకు చదవడం రాదు, దీన్ని నేనే చదివి వినిపించాలి.

మాత్రలు ఆపి రెండో విడత కణాలు సిద్ధం చేశారు. ఎక్కించేలోపే పిన్ని పోయింది. ల్యాబ్‌లో, తెల్లటి పొగలు కక్కే చలిలో, అరచేయంత సంచిలో అమ్మ కణాలు ఇంకా ప్రాణంతోనే ఉన్నాయి. సంచి మీద పిన్ని పేరు ఉంది.