కాశయ్య పేరు లేని ఫ్లెక్సీ

2022 ఎండాకాలం. మార్కాపురంలో కంభం వైపు పోయే రోడ్డు మీద నా ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. అప్పటికి ఈ పనిలో పదమూడేళ్లు. పెళ్లి కానీ, వర్ధంతి కానీ, నాయకుడి పర్యటన కానీ, ఏ ఫ్లెక్సీకైనా ముందు ప్రూఫ్ తయారు చేస్తాం. ప్రూఫ్ అంటే అచ్చుకు ముందు చూపించే నమూనా. కస్టమర్ ఓకే అన్నాకే అది మిషన్ ఎక్కుతుంది.

ఆ ఏప్రిల్‌లో నారాయణ సార్ వచ్చారు. గిద్దలూరులో ఎకనామిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరైన మనిషి. పాతికమందితో ఒక సొసైటీ నడుపుతున్నారు. ప్రభుత్వం మనిషి జోలికి రాకూడదన్నది వాళ్ల సిద్ధాంతం. పర్మిట్లు వద్దు, లైసెన్సులు వద్దు, రేషన్ కార్డులూ వద్దు. నాకు సగం అర్థమయ్యేది కాదు. మొదటిసారి వాళ్ల ఫ్లెక్సీ చేసినప్పుడు, మా వైపు అలవాటు కొద్దీ, అడగకుండానే పైన నాయకుల ఫోటోలు వరసగా పెట్టేశాను. సార్ చూసి పకపకా నవ్వారు. "ఏందయ్యా ఇది? ఎవరి నెత్తిన ఎవరూ ఉండగూడదని మేం చెప్తుంటే, మా నెత్తినే ఇంతమందిని ఎక్కించినావు!"

ఈసారి వక్త హైదరాబాద్ నుంచి వస్తున్నాడు. పిల్లల్ని పనిలో పెట్టుకోగూడదనే చట్టాన్ని ఎత్తేయాలని, పనికి పోవాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టమని అతని వాదన. మాదేమో పలకల ఊరు. పలక మీద అక్షరాలు దిద్దాల్సిన వయసులో పలకలు కోసిన వాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు.

సార్ వెంట వచ్చిన కాశయ్య మామ వాళ్లలో ఒకడు. చుట్టరికం లేదు, పిలుపే. ఆయనకు చిన్న పలకల షెడ్డు ఉంది. తొమ్మిదేళ్లప్పుడు రంపం కింద ఎడమచేతి చూపుడువేలు సగం పోయింది. క్వారీ పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, విసిగి సొసైటీలో చేరాడు.

"సార్, ఇంకెవర్నన్నా పిలుద్దాం. ఈయన మాత్రం వద్దు," అన్నాడు.

"స్వేచ్ఛ స్వేచ్ఛ అనుకుంటా ఒక మనిషి నోరు మూయమంటావేంది కాశయ్యా?"

"మూయమన్లేదు సార్. బజార్లో నిలబడి చెప్పుకోమను, నేను అడ్డం పోను. మనం 'సాదర ఆహ్వానం' అని రాసి, దండేసి పిలవడం వేరే గదా."

"సరే, దండ వేయంలే."

"అల్లుడా, నువ్వు చెప్పు, ఇది న్యాయమేనా?" అని మామ నా వైపు తిరిగాడు.

"నాదేముంది మామా, సైజు చెప్తే చాలు నాకు," అన్నాను. అందరం నవ్వుకున్నాం. నిజానికి ఇద్దరి మాటా సరైనదే అనిపించి, తప్పించుకున్నాను.

సైజు పది అడుగుల పొడవు, ఆరు అడుగుల ఎత్తు. "హాలు వాళ్లతో ఇంకా మాట్లాడలేదు. శనివారం దాకా ఇది బయటికి పోగూడదు," అన్నారు సార్. తలూపాను.

నల్లటి పలక, దాని మీద సుద్దముక్కతో రాసినట్టు తెల్లటి అక్షరాలు. డిజైన్ బ్రహ్మాండంగా కుదిరింది. ప్రూఫ్ సార్‌కు పంపాను. సాయంత్రం ఎప్పటిలాగే ఆనాటి డిజైన్లన్నీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. మా ఫ్లెక్సీ షాపుల వాళ్లకు ప్రచారం అదే. చేతులు అలవాటుగా చేశాయని చెప్పుకోవచ్చు, కానీ అది అబద్ధం. పెట్టే ముందు సార్ మాట గుర్తొచ్చింది. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకున్నాను. నా పనితనం నలుగురూ చూడాలనిపించింది.

తెల్లారి తీసేశాను. అప్పటికే ఫోటో ఊరంతా తిరుగుతోంది. అడుగున ఉండాల్సిన నా షాపు పేరును ఎవరో కత్తిరించారు. పలకల పనివాళ్లు, పంతుళ్లు హాలు ముందుకు చేరారు. హాలు ఓనర్ ఇవ్వనన్నాడు. సభ ఆగిపోయింది. ఆపినవాళ్లు "పిల్లల జోలికొస్తే ఊరుకోం" అని ఒక ఫ్లెక్సీ వేయించారు, నా దగ్గరే. "మాట్లాడే హక్కును చంపారు" అని సార్ ఇంకొకటి వేయించారు, అదీ నా దగ్గరే. ఐలెట్లు, అంటే తాళ్లు కట్టడానికి అంచుల్లో కొట్టే రింగులు, రెండింటికీ నా చేత్తోనే కొట్టాను. ఏది చదివినా నిజమే అనిపించింది.

"నీ దగ్గర్నించి పోయిందా?" అని సార్ అడిగారు.

"ప్రూఫ్ మీకొక్కరికే పంపినా సార్."

ఆ మాటలో అక్షరం అబద్ధం లేదు. మాట మొత్తం అబద్ధం.

"నేను కాశయ్యకు తప్ప ఎవరికీ పంపలేదే," అన్నారాయన, తనలో తాను అనుకుంటున్నట్టు. నేను మిషన్ వైపు తిరిగాను.

కాశయ్య మామను సొసైటీ నుంచి తీసేశారు. లోపల ఎదిరించినవాడే బయట పెట్టాడని తీర్మానించారు. ఏ మాటకూ అడ్డు ఉండగూడదనే ఆ మనుషులు టీకొట్టు దగ్గర ఆయన రాగానే మాట ఆపేసేవారు. నేను చూస్తూనే ఉన్నాను.

ఎనిమిది నెలల తర్వాత ఆయన వాళ్ల నాయన సంవత్సరీకానికి ఫ్లెక్సీ కావాలని వచ్చాడు. ప్రూఫ్ ఫోన్‌కు పంపుతానన్నాను.

"వద్దు అల్లుడా. ఇక్కడే చూసిపోతా. ఇది కూడా యాడికన్నా పోతే మళ్లా నా పేరే వస్తది."

మౌస్ వదిలేసి ఆయన వైపు తిరిగాను. "మామా, ఆ ఫోటో పెట్టింది నేనే."

"తెలుసు. ఆ పొద్దు నీ స్టేటస్ నేనూ చూసినా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావేమోనని చూసినా."

అక్కడే సార్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి అంతా చెప్పాను. "సరేలే," అన్నారు సార్. "అయినా ఆ మీటింగ్ ఆగాలని అతని మనసులో ఉండింది గదా."

ఫోన్ పెట్టేశాక మామ నవ్వాడు. "విన్నావా? మనసులో అనుకోవడానికి గూడా పర్మిట్ కావాలంట ఈ సొసైటీలో."

నాకు నవ్వు రాలేదు. షాపు ముందు ఫ్లెక్సీ కడతానన్నాను. 'కాశయ్య గారి తప్పేమీ లేదు' అని టైపు చేస్తుంటే ఆయన నా భుజం పట్టుకున్నాడు.

"నా పేరు తీసెయ్. నేను చేయలేదని నువ్వు చెప్పేదేంది? నువ్వు చేసినావని చెప్పు, చాలు."

మూడు అడుగుల పొడవు, రెండు అడుగుల ఎత్తు. 'సొసైటీ వారి ఫ్లెక్సీ ఫోటోను వారి అనుమతి లేకుండా బయటపెట్టింది ఈ షాపు యజమానినైన నేనే.' రంగు వెలిసేదాకా అది షాపు ముందే ఉంది. సొసైటీ వాళ్లు చూశారు. మామను మళ్లీ రమ్మని ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు ఫ్లెక్సీ కట్టాకే, అదీ కస్టమర్‌ను అడిగాకే, స్టేటస్‌లో పెడతాను. ఆ వక్తను పిలవడం సరైనదా, ఆపడం సరైనదా అంటే ఈరోజుకూ తేల్చుకోలేను. ఒక్కోరోజు ఒక్కోటి అనిపిస్తుంది. పెద్ద ప్రశ్న తేలలేదు కదా అని చిన్న నిజాన్ని కూడా తేల్చకుండా ఎనిమిది నెలలు దాచుకున్నాను. దానికి మాత్రం నా దగ్గర ఏ సాకూ లేదు.

మామ ఇప్పటికీ పని నాకే ఇస్తాడు. ప్రూఫ్ మాత్రం ఫోన్‌కు పంపమనడు. వచ్చి, నా వెనక నిలబడి, తెర మీదే చూసి పోతాడు.