అయ్యగారి ముక్కు

టింగ్.

పొద్దున్నే సందులో వెండి చినుకు రాలినట్టు ఆ చప్పుడు వినిపించేది. మలుపు తిరిగితే తుల్లస్ కనిపించేవాడు. నాణేలను పాలరాతి మీద మోగించి మంచిదేదో, దొంగదేదో చెప్పడం అతని వృత్తి. మరుగుదొడ్డిలోకి చక్రవర్తిని వెళ్ళనివ్వకపోవడం అతని పిచ్చి.

రోము నగరంలో ఆ వీధికంతటికీ మరుగుదొడ్డి ఒకటే. తుల్లస్ బల్ల దాని గుమ్మం పక్కనే. ఎవడెంత తొందరలో వచ్చినా చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"వెండి ఇక్కడ పెట్టి వెళ్ళు."

"చచ్చిపోతున్నాను, తప్పుకోవయ్యా!"

"చస్తే చావు. నాణెం మీదున్న అయ్యగారికి ముక్కు లేదనుకున్నావా? ఆ కంపులోకి ఆయన్నెలా తీసుకెళ్తావు?"

పుచ్చుకున్న నాణేలను బల్ల మీద బోర్లా పేర్చేవాడు. ఆకుల కిరీటం పెట్టుకున్న చక్రవర్తి కిందికి, వెనకవైపు కొమ్మ పట్టుకుని కూర్చున్న శాంతిదేవి పైకి. "ఆవిడ తల్లి. బిడ్డల అవసరాలు ఆవిడకి తెలుసు," అనేవాడు.

వీధంతా నవ్వేది. అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు రొట్టెలు కాల్చే పన్సా.

"ఈ పిచ్చి ఎప్పట్నుంచి తాతా?"

"మా తమ్ముడు నాణెంతో లోపలికెళ్ళినప్పట్నుంచి."

"ఏమైంది?"

"ఇంకా బయటికి రాలేదు."

పన్సా పొట్ట పట్టుకుని నవ్వాడు. రొట్టె కొన్న ప్రతివాడికీ ఆ మాట చెప్పి ఏడాది పొడుగునా నవ్వించాడు.

ఒకరోజు, పాడైన చేప తిన్న పుణ్యమా అని, పిండి కొనడానికి పట్టుకెళ్తున్న నాణెంతో సహా పన్సా పరుగెత్తుకొచ్చాడు. తుల్లస్ పన్సా గుప్పిలి విప్పి నాణెం లాక్కున్నాడు. అతని ఏడు తరాలనూ తిడుతూ పన్సా లోపలికి దూరాడు.

రాతి అరుగు మీద ఓ పెద్దమనిషి కూర్చున్నాడు. బట్టయినా ఎత్తలేదు, ఊరికే కూర్చున్నాడు.

"చేతిలో ఏముంది అన్నా?" అన్నాడు తియ్యగా.

పన్సా అరచెయ్యి చాపాడు. పిండి దుమ్ము.

పెద్దమనిషి నిట్టూర్చి అవతలి పక్కకు తిరిగాడు. అక్కడున్నది తుల్లస్‌ని తోసుకుని వచ్చిన అద్దకపువాడు. "మరి నీ చేతిలో?"

వాడు అమాయకంగా చూపించాడు. వెండి తళుక్కుమంది. మూలనుంచి ఇద్దరు సైనికులు లేచారు.

"చక్రవర్తి ముఖాన్ని మలం మధ్యకి తెచ్చావు. రాజద్రోహం."

బట్ట సర్దుకునేంతవరకైనా వాణ్ణి ఆగనివ్వలేదు. పన్సాకు కడుపునొప్పి పోయింది. తుల్లస్ తమ్ముడు ఎందుకు బయటికి రాలేదో అప్పుడు తెలిసింది.

పెద్దమనిషి గుమ్మం దాటుతూ బల్ల వైపు చూశాడు. పన్సా బయటికొచ్చేసరికి తుల్లస్ చేతులు కూడా కట్టేసి ఉన్నాయి. నేరం: అయ్యగారిని బోర్లా పడుకోబెట్టడం.

ఇప్పుడా గుమ్మంలో పన్సా చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడతాడు. పొయ్యిలో రొట్టెలు మాడిపోతుంటాయి. నాణేలను మాత్రం ముఖం పైకి పెట్టి, పైన శుభ్రమైన గుడ్డ కప్పుతాడు. వీధంతా అతన్ని చూసి నవ్వుతుంది. ఒక మాట గుర్తొచ్చి అతనికీ అప్పుడప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు సైనికులు ఈడ్చుకుపోతుంటే, మలుపు దగ్గర తుల్లస్ వెనక్కి తిరిగి అరిచాడు:

"ఒరే పన్సా, నీ అయ్యగారు బల్లమీదే ఉన్నాడు. చేతులు కడుక్కుని తీసుకో!"