ఆల్ప్స్ కొండలు ఎవరివి?

యూరప్ ఖండాన్ని అమీర్‌పేటలో కూర్చుని రాజులకు పంచిపెట్టిన మనిషిని నేను. సరే, కాస్త తగ్గిస్తాను. పంచమన్నది వేరేవాళ్లు, గీతలు మాత్రం నావి. కూర్చుని అన్నదీ అబద్ధమే. నేను కుర్చీలో ఉన్నది తక్కువ, కారిడార్‌లో తిరిగింది ఎక్కువ.

సర్వే ఆఫీసులో ఊళ్ల పటాలు గీసి రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవలేదు. హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి. "ఏంటండీ ఆ తిరగడం, నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఎక్కడికైనా వెళ్లండి బాబూ" అంది మా ఆవిడ. మా సందు చివర కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న ఆఫీసుంది. రాజ్యాలు ఒకదాని మీద ఒకటి దండెత్తే ఆట కోసం వాళ్లకు పాతకాలపు యూరప్ పటం చేత్తో గీసేవాడు కావాలంటే వెళ్లి చేరాను. ఆ పటం మీద ఆట నడిస్తే నా కుర్చీ ఖాయం. నడవకపోతే మళ్లీ బాల్కనీ.

పంజాగుట్టలో పెట్టుబడిదారుకు ఆట చూపించే రోజు రానే వచ్చింది. పొద్దున్నే, ఆ ఆఫీసు నడిపే వరంగల్ అమ్మాయి నన్ను పిలిచింది.

"అంకుల్, మీ ఫ్రాన్స్ ఫౌజు ఆల్ప్స్‌ల చొచ్చి గాడ్నే కూసుంది. దాన్ని ఎవడు కొడ్తలేడు, అది బయటికొస్తలేదు. గీ కొండలు ఎవరియి?"

"ఎవరివీ కావమ్మా. కొండలు, నదులు పోరంబోకు. ప్రభుత్వానివి. పట్టా ఇవ్వకూడదు."

"గప్పుడు సర్కారు యాడిది అంకుల్? అందరు రాజులే! ఓనర్ లేని జాగల ఏం చెయ్యాల్నో ఆటకు తెల్వది. జర సాయంత్రం లోపల అన్ని ఎవనికో ఒకనికి రాసియ్యుండ్రి."

ఊరి పటంలో పొలానికి రైతు ఉంటాడు, వాగుకూ గుట్టకూ ఉండడు. చేతికి అదే అలవాటు. రైన్ నదికి రెండు గట్లూ అలాగే వదిలేశాను.

"నా సర్వీసులో వాగు గట్టు అంగుళం కూడా ఎవరికీ రాయలేదు" అన్నాను రోషంగా. నిజమే కానీ, రాయమని నా దగ్గరికి ఎవరూ రాలేదు. పైవాళ్లు ఇచ్చిన కొలతలకు గీతలు గీసే గుమస్తాను నేను.

ఒక్కో గీత చెరపడం, లేవడం, కిటికీ దగ్గరికి వెళ్లి కింద హారన్లు వినడం, మళ్లీ రావడం. టీ చల్లారిపోయింది. మధ్యాహ్నం దాటేసరికి నదులన్నీ రాజుల పేర్లకు పోయాయి. ఆల్ప్స్ దగ్గర చెయ్యి ఆగింది. ఆ అమ్మాయి వెనకే నిలబడి ఉంది. సగం ఫ్రాన్స్‌కు, సగం ఇటలీ రాజులకు ఇచ్చేశాను.

సాయంత్రం పంజాగుట్టలో ఆట చూసి హాలంతా చప్పట్లు కొట్టింది. అంటే, కొట్టిందని ఆ అమ్మాయి చెప్పింది. నేను లోపలికి వెళ్లలేదు, పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద అటూ ఇటూ తిరుగుతున్నాను.

"అంకుల్, ఫౌజు ఎక్కడ ఆగలే! రేపు సుత రావాలె మీరు."

"ఆల్ప్స్ ఎవరు తీసుకున్నారమ్మా?"

"గా పెట్టుబడి సారే. ఆడుడు షురూ చెయ్యంగనే అన్నిట్కంటె ముందు గదే గుంజుకున్నడు. మస్తు ఖుషీ అయిండు."

కుర్చీ నిలబడింది. ఇంటికెళ్తూ మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయానని రాస్తే బాగుంటుంది. నిజానికి సీటు దొరకలేదు. దొరికినా కూర్చునేవాణ్ని కాదు.