నేను సున్నం కొట్టిన జాబు

సొంత ఇంటి గోడకు సున్నం కొట్టుకుని, దాని ముందే కూర్చుని ఏడ్చిన మనిషి కల్యాణదుర్గంలో ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలియదు. ఉంటే రమ్మనండి, పక్కపక్కనే కూర్చుని ఏడుద్దాం. నా నాశనాన్ని నేనే బకెట్లో కలుపుకున్న వైనం ఇది.

నాకొక పిచ్చి ఉంది. వీధి గోడల మీద బొమ్మలు వేసే పేరున్న కళాకారుల చేత జాబులు రాయించుకుని దాచుకుంటాను. హైదరాబాదు నుంచి వచ్చాయి, చెన్నై నుంచి వచ్చాయి. బెంగళూరు ఆయన ఒకడు కంప్యూటరులో కొట్టించి, కింద సంతకం గీకి పంపాడు. ఆయన్ని నేటికీ క్షమించలేదు.

అయితే అన్నిటికన్నా నాకు కావలసింది ఎర్రిస్వామి జాబు. మా పక్క పల్లెలో పుట్టి, పెద్ద పెద్ద నగరాల వాళ్ళు పిలిచి గోడలు అప్పగించేంత ఎదిగిన మనిషి. మా బస్టాండు దగ్గర ఒక ప్రహరీకి ఆయన చెరువు బొమ్మ వేశాడు. ఆ నీళ్ళ మీద గాలి కదలడం కూడా కనిపిస్తుంది. నడి ఎండాకాలంలో ఒక మేక ఆ చెరువును ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా నాకడం కళ్ళారా చూశాను. నమ్మకపోతే మేకనే అడగండి. దాని పక్కన నిలబడి గుటకలు మింగింది నేనే.

ఆయనకు జాబు మీద జాబు రాశాను. జవాబు లేదు. చివరికి ఒళ్ళు మండి, 'అంత గొప్ప చేతికి కార్డు ముక్క బరువైందా?' అని రాసి, నా చిరునామా కింద ఎర్రగీత కొట్టి మరీ పంపాను.

ఇక నా గోడ సంగతి. మా ఇల్లు రోడ్డు మలుపులో ఉంది. పొడుగాటి ప్రహరీ. విత్తనాల కంపెనీలకు, కోచింగ్ సెంటర్లకు, పార్టీలకు అదే పలక. ఒక్కరూ అడిగి రాయరు. అందుకని నేనొక పట్టు పట్టాను. నా గోడ మీద రాసినదేదీ చదవను. చదివితే వాళ్ళు గెలిచినట్టే కదా. తల పక్కకు తిప్పుకుని సున్నం కొట్టేయడమే.

ఈ గోడ రాతల మీద అర్జీ ఇవ్వడానికే ఒకరోజు అనంతపురం పోయాను. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి గోడ నిండా నీలం అక్షరాలు. మీరైతే చదివేవారు, మీకు పట్టుదల లేదు కాబట్టి. నేను చూపు నేలకు దించుకుని లోపలికి పోయి సున్నం కలిపాను. కసి తీరక అందులో బంక కూడా పోశాను.

పక్కింట్లో ఉండే మా అక్క వచ్చి నిలబడింది.

"రేయ్, ఒగసారి సదువురా. బాగుండాది."

"వాళ్ళకు కావాల్సింది అదేక్కా."

"నీ పేరు గూడా ఉండాది."

"పేరు పెట్టి పిలిస్తే ఓటేస్తానా? నువ్వు పో."

"ఇంత మొండితనం మన నాయనకు గూడా లేదప్పా," అని పోయింది.

రెండు పూతలు వేశాను. గోడ పెళ్ళికొడుకు పంచెలా మెరిసింది.

మర్నాడు ఫోను. "అన్నా, ఎర్రిస్వామిని మాట్లాడతాండా. నా జాబు సదివినారా?"

రాలేదన్నాను. పోస్టాఫీసును నాలుగు మాటలు అన్నాను కూడా.

"పోస్టులో యాడ ఏస్తినన్నా? కాగితం మీద నాకు చెయ్యి ఆడదు. మీరు అంత ప్రేమగా రాసినారని నేనే వస్తి. మీరు లేకపోతిరి. ఎండలో నిలబడి మీ గోడకే రాసి పోతి."

జరిగింది చెప్పాను. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. అలా నవ్వగలగడం కూడా గొప్ప కళే. నేనైతే కేసు పెట్టేవాణ్ణి. మళ్ళీ రాయమని బతిమాలాను.

"ఒగ జాబు రెండుసార్లు రాయలేనన్నా. దిగులు పడొద్దు. నాది ఆయిల్ పెయింటు, అడుగున భద్రంగా ఉంటాది. గీకితే మాత్రం రెండూ పోతాయి. నాలుగు గట్టి వానలు పడితే సున్నమే కరిగిపోతాది."

"మన జిల్లాలోనా?" అన్నాను.

ఆయనకు మళ్ళీ దగ్గు వచ్చింది.

ట్యాంకరు తెప్పించి గోడ కడుగుదామంటే, తాగే నీళ్ళు పాడు చేస్తావా అని వీధి వీధంతా బిందెలతో మీద పడుతుంది. పోనీ, అందులో ఏముందో చెప్పమని అక్కను అడిగాను. "సదవమంటే సదవకపోతివి. నేను చెప్పను," అంది. మా వంశంలో మొండితనం నా ఒక్కడితో ఆగలేదు. వీధిలో ఆమె మాట కాదని చెప్పేవాడు పుట్టలేదు. నాకు వచ్చిన జాబును నేను తప్ప అందరూ చదివారు.

అప్పటి నుంచి మబ్బు పడితే రైతులు చేను వైపు చూస్తారు, నేను గోడ వైపు చూస్తాను. ఇన్నాళ్ళ జల్లులకు కింది మూలన ఒక్క మాట బయటపడింది: 'ఇట్లు'.

దాని ముందు నిలబడి, చేతులు జోడించి ప్రమాణం చేశాను. ఇకమీదట నా గోడ మీద ఎవరేం రాసినా, అది మొలల మందు ప్రకటన అయినా సరే, మొదటి అక్షరం నుంచి ఫోను నంబరుదాకా పైకి చదివి, అక్క చేత కూడా చదివించి గానీ సున్నం బకెట్టు ముట్టను.