చల్లారిన కషాయం

మొన్న ఆదివారం మేముండే నేపర్‌విల్‌లో ఒక స్నేహితురాలి ఇంట్లో అడుగుపెట్టగానే తిప్పతీగ, మిరియాలు, అల్లం మరుగుతున్న వాసన గుప్పుమంది. నా కళ్ళు శారద ఆంటీ కోసం వెతికాయి. ఆవిడ పోయి ఏడాది దాటింది. అయినా ఆ వాసన తగిలితే ఆవిడ నా పక్కన ఉండాలనిపిస్తుంది.

ఆంటీది మా ఎదురిల్లు. మా తమ్ముడి కిడ్నీ నాకు పెట్టి ఇంటికి పంపిన రోజుల్లో పరిచయమయ్యారు. కొత్తగా వచ్చినదాన్ని శరీరం పరాయిదనుకుని తరిమేస్తుందని, అందుకే రోగనిరోధక శక్తిని అణిచి ఉంచే మాత్రలు జీవితాంతం వేసుకోవాలని డాక్టర్లు చెబితే బుద్ధిగా తలూపాను. కానీ ఇంటికొచ్చాక నాకంటే ముందు నా మొహమాటం కోలుకుంది. చూడ్డానికొచ్చిన ఒకావిడ ఫ్లాస్క్‌లోంచి కషాయం వంచి, "తాగమ్మా, ఇమ్యూనిటీ బాగా బూస్ట్ అవుతుంది" అంటే కాదనలేక అందుకున్నాను. పెదవులదాకా వచ్చిన గ్లాసును ఆంటీ లాగేసుకున్నారు.

"బూస్ట్ అవకూడదనే కదండీ ఈ పిల్ల మందులు వేసుకుంటోంది" అన్నారు.

వచ్చినావిడ మొహం చిన్నబోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ వెళ్ళాక ఆంటీ సింక్ దగ్గర నిలబడి చెప్పారు. "మా ఆయనకి కిడ్నీ మార్చాక నేనూ ఇలాగే కాచి పోశానమ్మా, డాక్టర్‌కి చెప్పకుండా. ఇంట్లో చేసిందే కదా అనుకున్నా. ఆ కిడ్నీ రిజెక్ట్ అయింది. దానివల్లేనని వాళ్ళు తేల్చి చెప్పలేదు. కాదనీ చెప్పలేదు." నా కోపం ఎటు పోయిందో తెలియదు.

కొన్నాళ్ళకి నా రక్తపరీక్షలోనూ తేడా వచ్చింది, శరీరం కొత్త కిడ్నీని తరమబోతోందన్నారు. తమ్ముడిచ్చినదాన్ని పోగొట్టుకుంటానేమోనని భయపడ్డాను. నా ఒంటిమీద నాకే అసహ్యం వేసింది. నన్ను క్లినిక్‌కి తీసుకెళ్తూ ఆంటీ, "నీ ఒంటిని తిట్టకే. కావలి కాయడం ఒక్కటే తెలుసు దానికి. వచ్చింది మీ తమ్ముడి కిడ్నీ అని దానికెవరు చెప్తారు? రోజూ ఆ టాబ్లెట్టే చెప్పాలి" అన్నారు. మందు మార్చారు, కిడ్నీ నిలబడింది. నా శరీరం గురించి అంత ప్రేమగా మరెవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా ఆంటీ నా పక్కనే కూర్చునేవారు. కషాయం వస్తే "ఇటివ్వండి" అని అందుకుని, తాగకుండా అలాగే పట్టుకుని కూర్చునేవారు.

మొన్న ఆ స్నేహితురాలి ఇంట్లో కషాయం గ్లాసు మా ఆఫీస్‌లో కొత్తగా చేరిన అమ్మాయి చేతికి వచ్చింది. వాళ్ళమ్మ ఇచ్చిన కిడ్నీతో తను ఈమధ్యే కోలుకున్న సంగతి నాతో తప్ప అక్కడ ఎవరితోనూ చెప్పుకోలేదు. మొహమాటంగా నవ్వుతూ గ్లాసు పైకెత్తింది.

"ఇటివ్వు" అని తీసేసుకున్నాను.

కోపంగా చూసింది. ఆ చూపు నాకు తెలుసు. జరిగి తన పక్కనే కూర్చున్నాను. గ్లాసు చల్లారేదాకా నా చేతిలోనే ఉంది.