యూకంబీన్ నీళ్లలో పచ్చడి బండ

సోమవారం పొద్దున పడవ కొనేవాడు వచ్చి తీసుకుపోతాడని మా బావమరిది ఓబులేసు ఫోను చేశాడు. “నాలుగేండ్లయింది బావా, దాన్ని కొని. ఒక్క ట్రౌటన్నా పట్టలే. భార్గవి ఇప్పటికీ నవ్వుతాది. నువ్వొస్తే శని, ఆదివారాలు ఇద్దరం కలిసి చూస్తాం. రాకుంటే నీ ఇష్టం” అన్నాడు. మా కర్నూలు వైపు వాళ్లు ‘నీ ఇష్టం’ అన్నారంటే, రాకపోతే చచ్చేదాకా గుర్తుపెట్టుకుంటామని అర్థం. మోకాళ్లు వద్దంటున్నా బయలుదేరాను.

ఓబులేసు నా భార్య తమ్ముడు. ఆమె పోయాక కూడా నన్ను బావా అని తిట్టే హక్కు వదులుకోని మనిషి. సిడ్నీకి దక్షిణాన, మంచు కొండల దారిలో ఉన్న కూమా అనే చిన్న ఊళ్లో ఒక మోటెల్‌లో వంటవాడు. ఆ వంటిల్లు మూతపడుతోంది. ఇక మెల్‌బోర్న్‌లో కేరమ్ డౌన్స్ దగ్గర కూతురు భార్గవి ఫ్లాటుకు మారిపోతున్నాడు. మూడో అంతస్తు. కయాక్ పడవ పెట్టుకునే చోటు లేదు.

నాలుగేళ్లలో ఒక్క చేపా ఎందుకు పడలేదో చెప్పాలి. ఎండాకాలంలో ట్రౌట్ చేప చల్లదనం కోసం చెరువు లోతుకు దిగిపోతుంది. పైపైన గాలం ఈడిస్తే దానికి తెలియను కూడా తెలియదు. అందుకని డౌన్‌రిగ్గర్ అనే సాధనం ఉంది. పడవ పక్కన బిగించే చిన్న గిలక, దాని చుట్టూ తాడు, తాడు కొసన సీసం గుండు. గాలం దారాన్ని ఒక క్లిప్పుతో ఆ తాడుకు పట్టించి గుండును లోతుకు దింపుతారు. పడవ మెల్లగా సాగుతుంటే ఎర అడుగున ఈదుతూ వస్తుంది. చేప కొరకగానే దారం క్లిప్పు నుంచి ఊడుతుంది. అప్పుడు ఒకరు గాలం కర్ర పట్టాలి, ఒకరు గుండును గబగబా పైకి చుట్టాలి, లేకపోతే రెండూ మెలిపడతాయి. ఓబులేసు పడవ ఇద్దరు కూర్చుని పెడళ్లు తొక్కేది. తొక్కేదీ చుట్టేదీ లాగేదీ ఒక్కడే అయితే ఏం పడుతుంది? యూట్యూబ్‌లో ఒంటిచేత్తో ఇదంతా చేసి ‘ఈజీ’ అని నవ్వే వీరుల మీద నాకు చాలా కోపం. కెమెరా పట్టుకున్న రెండోవాణ్ని మాత్రం చూపించరు.

శుక్రవారం తెల్లవారుతుండగా, నేనుండే మా అమ్మాయి ఇంటి దగ్గర, సిడ్నీ శివారు రౌస్ హిల్‌లో మెట్రో ఎక్కాను. సెంట్రల్ స్టేషన్ దాకా మారే పనిలేదు. సంచిలో రెండు కిలోల సీసం గుండు ఉంది, పాతది పోయిందని ఓబులేసు తెమ్మన్నది. పక్కన కూర్చున్న తెలుగు కుర్రాడు కాలితో సంచిని జరపబోయి ఉలిక్కిపడ్డాడు.

“అంకుల్, లోపల ఏంటిది? ఇంత హెవీగా ఉంది!”

“సీసం గుండు నాయనా.”

“సెక్యూరిటీ వాళ్లకి మాత్రం ఈ మాట చెప్పకండి అంకుల్, ప్లీజ్.”

సెంట్రల్‌లో కాన్‌బెర్రా రైలు ఏడు దాటాక కదిలింది. సీట్లు ముందే తీసుకోవాలి. పెన్షన్ కార్డు ఉన్నవాళ్లకు రాయితీ ఉంది, అడిగితేనే. అడగనివాడికి చెప్పరు, ఏ దేశంలోనైనా అంతే. నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ని. కర్నూలు బస్సు డిపోలో ఇంజన్ల కింద పడుకుని, విడిభాగాల పెట్టెల మీది అచ్చు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఆ అలవాటు వల్ల ఎక్కడ ఏ నోటీసున్నా చదువుతాను. పక్కన స్వెటర్ అల్లుకుంటున్న పెద్దావిడ, “అవన్నీ చదివేది ఈ రైల్లో మీరొక్కరే” అంది. రైలు గంటలకొద్దీ కొండ మలుపుల్లో నత్తలా నడిచింది. అమ్మాయి కట్టిచ్చిన పులిహోర గౌల్‌బర్న్ దగ్గర తిన్నాను. కాన్‌బెర్రాలో దిగి, బస్సు కోసం ఎండలో నిలబడి, సాయంత్రానికి కూమా చేరాను. నడుము రెండు ముక్కలైంది.

ఓబులేసు బస్సు దగ్గరికే వచ్చాడు. నన్ను చూసి, నా సంచి చూసి, సంచినే ముందు అందుకున్నాడు.

“గుండు తెచ్చినావా?”

“తెచ్చినా. నేనూ వచ్చినా, చూడు.”

“నువ్వు యాడికి పోతావులే బావా.”

రాత్రి మోటెల్‌లో ఓ ఖాళీ గదిచ్చాడు. రాగి సంగటి, చెనిగ్గింజల పచ్చడి. అలాంటి పచ్చడి కోసం మళ్లీ అంత దూరం పోవచ్చు. పడక మాత్రం మధ్యలో గుంతపడింది.

శనివారం పొద్దున్నే అతని పాత వ్యాను మీద పడవ కట్టుకుని యూకంబీన్ జలాశయానికి పోయాం. గంట దారి. పోదలచినవాళ్లు చేపల లైసెన్సు ముందే తీసుకోవాలి, పెన్షనర్లకు మినహాయింపు ఉంది. లైఫ్ జాకెట్ తప్పనిసరి. మధ్యాహ్నం గాలి లేస్తుంది కాబట్టి పన్నెండులోపు గట్టు చేరుకోవాలి.

పడవ దించే చోట కేరవాన్ పార్కు నడిపే ఒక పెద్దావిడ ఉంది. ఈ నీళ్ల కింద తమ పాత ఊరు ఉందని చెప్పింది. ఆనకట్ట కట్టినప్పుడు చాలా ఇళ్లను లారీల మీద ఎత్తి కొత్త ఊరికి మోసుకుపోయారట. నాకు ఒళ్లు మండింది. మా ఊరు శ్రీశైలం నీళ్ల కింద ఉంది. ఇళ్లు మోయడం మాట దేవుడెరుగు, మా చింతచెట్లు కొట్టి కట్టెలు మాకే అమ్మారు. పరిహారం కాగితం మీద మా నాయన పేరు తప్పు రాసి, ఆ తప్పు దిద్దడానికి మమ్మల్నే తిప్పారు. ఇదంతా నాకొచ్చిన ఇంగ్లీషులో ఆవిడకు చెప్పాను.

ఆవిడ విని, “ఇల్లు వచ్చింది, నిజమే. నేనప్పుడు చిన్నపిల్లను. కొత్తచోట వంటింటి కిటికీ రోడ్డు వైపు పడింది. మా అమ్మ ఆ కిటికీ ఎప్పుడూ తెరవలేదు” అంది. నేను పోయి పడవ ఎక్కాను.

ఓబులేసు ముందు సీట్లో గాలంతో, నేను వెనక డౌన్‌రిగ్గర్‌తో. గిలక పిడికి పసుపు దారం కట్టి ఉంది. ప్రతి దసరాకూ కత్తులు, పెనాలు, మిక్సీతో పాటు దీనికీ ఆయుధ పూజ చేస్తాడట. ఒక్క చేపా పట్టని సాధనానికి పూజేమిటని అడిగితే, “అందుకే పూజ. పట్టుంటే పూజ ఏంటికి?” అన్నాడు. గుండు దింపాం. పెడళ్లు తొక్కుతూ పోయాం. తొక్కి తొక్కి తొడలు రాళ్లయ్యాయి. నీళ్లు నీలంగా, కొండలు పచ్చగా, చాలా బాగుంది, ఒక గంట. తర్వాత అదే నీలం, అదే పచ్చ.

పదకొండు దాటుతుండగా పడవ ఠక్కున ఆగి వెనక్కి వాలింది. లోతు చూపే చిన్న తెర మీద కొమ్మల్లాంటి గీతలు ఉన్నాయి. నేను చూడలేదు, కళ్లు మూతపడుతున్నాయి. గుండు అడుగున ఎండిన చెట్టులో ఇరుక్కుంది. అలాంటప్పుడు గిలక వదులు చేసి తాడు జారనిస్తే చాలు. వదులు చేశాను. తిరగలేదు. ఓబులేసు కట్టిన పసుపు దారం ఊడి, తాడుతో పాటు గిలకలోకి చుట్టుకుని బిగిసిపోయింది. గాలి పడవను తోస్తోంది, తాడు పట్టి లాగుతోంది. నా వైపు అంచు నీళ్లలోకి దిగింది. తాడు పట్టుకుని ఎత్తబోతే కుడి భుజంలో ఏదో కలుక్కుమంది.

“నిదానం బావా! తెంపద్దు! గుండు అదొక్కటే ఉండాది!”

“మునుగుతాండాం రా!”

“మునగం! నేను అటుపక్క వంగుతా, నువ్వు దారం పీకు!”

పీకే వ్యవధి లేదు. కత్తి తీసి తాడు తెంపేశాను. పడవ ఒక్క ఊపు ఊగి నిలబడింది. సిడ్నీ నుంచి మోసుకొచ్చిన గుండు ఆ మునిగిన ఊరి చెట్టుకు కాయలా మిగిలిపోయింది.

ఓబులేసు వెనక్కి తిరగలేదు. “నీకు తెంపేదే తెలుసు” అన్నాడు. గట్టు చేరి, పడవను వ్యాను మీద కట్టి కూమా దారి పట్టాడు. దారిలో భార్గవి ఫోను చేసింది. “నాన్నా, ఎనీ ఫిష్? ఆర్ జస్ట్ వాటర్?” అని నవ్వింది. అతను ఫోను కట్టేశాడు. ఇంకొక్క రోజు ఉంది, గుండు లేదు. శనివారం మధ్యాహ్నం దుకాణాలు మూసేస్తారు, ఈ దేశంలో చేపలు పట్టేది శని, ఆదివారాల్లోనే అయినా సరే.

ఆదివారం చీకటుండగానే తలుపు తట్టాడు. చేతిలో మోటెల్ వంటింటి రోట్లోని పచ్చడి బండ. నడుము సన్నగా, రెండు కొసలూ లావుగా ఉంది. నడుముకు తాడు కట్టి ముడి వేసి చూపించాడు.

“రెండు కిలోలు రాదుగానీ తాడు ఇంకొంచెం ఎక్కువ వదుల్తాం. ఏమంటావ్?”

“నేనేమంటా. మొన్న చెనిగ్గింజల పచ్చడి నూరింది దీంతోనే కదా?”

“కడిగినాలే.”

నా కుడి భుజం పైకి లేవలేదు. గిలక చుట్టలేనని చెప్పాను. ఓబులేసు కాసేపు నా భుజం వంక చూశాడు. ఆ గాలం కర్ర నాలుగేళ్లుగా అతనిది. “సరే, ఈ దినం నేను బండ చూసుకుంటా. నువ్వు గాలం కాడ కూచో. చేప పడితే కర్ర నాకియ్యి, నేను లాగుతా” అన్నాడు. ఈసారి గిలకకు దారం కట్టలేదు. దణ్ణం మాత్రం పెట్టాడు.

బండను దింపాం. రాయి సీసంలాగా నిలువుగా దిగదు, వెనక్కి తేలుతూ వస్తుంది. అతను తాడు వాలు చూసి ఇంకాస్త వదిలాడు, చెట్లు కనబడితే ఎత్తాడు, మళ్లీ దించాడు. పెడళ్లు తొక్కడం నా వంతు.  తొమ్మిదిన్నర ప్రాంతంలో వంగి ఉన్న కర్ర ఠప్పున నిటారుగా లేచింది, వెంటనే మళ్లీ వంగింది.

“పడె! బావా, పడె!”

“రా, కర్ర పట్టుకో!”

అతను చేయి చాచాడు. అప్పుడే చేప తిరిగి నేరుగా పడవ వైపుకు, తాడు వైపుకు దూసుకొచ్చింది. అతను గిలక వదిలితే దారం తాడుకు చుట్టుకుంటుంది. చాచిన చేయి వెనక్కి తీసుకుని రెండు చేతులతో బండను చుట్టడం మొదలుపెట్టాడు.

“నేను రాలేను. నువ్వే లాగు!”

“నీ చేప రా ఇది!”

“లాగు అంటాండా కదా! దారం వదులు కానీకు! అట్ల కాదు, కర్ర ఎత్తు, ముసలోడా!”

లాగాను. అతను ఊపిరి తిరగకుండా చుడుతూనే ఉన్నాడు. బండ పైకొచ్చేసరికి చేప పడవ పక్కన ఉంది, గోధుమరంగు మీద ఎర్రచుక్కలు, మూరెడు ఉంటుంది. వల దానికింద పెట్టింది ఓబులేసే, కానీ కర్ర నా చేతిలోనే ఉంది. అతను చేపను చూశాడు, కర్రను చూశాడు. “మంచిదే పడింది” అని మాత్రం అన్నాడు. ఇంకొకటి కోసం పన్నెండు దాకా తొక్కాం, గాలి లేచినా తొక్కాం. పడలేదు. నాకు ఆ చేప మీద కూడా కోపం వచ్చింది. నాలుగేళ్లు ఎదురుచూసినవాడు వెనక సీట్లో ఉంటే, ముందువాడి చేతికి వచ్చింది.

రాత్రి పులుసు చేశాడు. ముల్లు తీసి పెద్దముక్క నాకే వేశాడు. భార్గవికి ఫోను చేసి, “పడిందమ్మా” అన్నాడు. ఎవరు పట్టారో చెప్పలేదు. ఆమె అడిగింది. “పులుసు చల్లారిపోతాంది” అని పెట్టేశాడు.

సోమవారం ఎనిమిదికి కొనేవాడు వచ్చి పడవను, గిలకను, కర్రను తీసుకుపోయాడు. బస్సు దాకా నన్ను దింపి ఓబులేసు, “భుజానికి నూనె రాసుకో” అన్నాడు. అంతే.

తిరుగుదారి వచ్చినదారే, ఇంకా పొడుగ్గా అనిపించింది. కాన్‌బెర్రాలో రైలు కదిలాక భార్గవి ఫోను చేసింది.

“మామా, ట్రూత్ చెప్పాల. చేప పట్టింది నాన్నేనా? ఆయన అసలు చెప్తలేడు. నువ్వు పట్టుంటావని నాకు డౌట్.”

అబద్ధం ఆడినందుకు డిపో మేనేజరుతో, పేరు తప్పు రాసినందుకు తహశీల్దారుతో జీవితమంతా పోట్లాడినవాణ్ని. కిటికీలోంచి ఎండిన గడ్డి చూస్తూ ఆలోచించాను.

“కర్ర నా చేతిలో ఉండింది. చేపను పట్టింది మీ నాయన.”

“అదెట్లా? దట్స్ నాట్ ఎ థింగ్, మామా.”

“అట్లే. ఆయన గిలక ఇడిసి కర్ర కోసం వచ్చింటే చేప పోయుండేది. రాలేదు. నేను ఊరికే లాగినా. ఎద్దును కట్టేసినాక తాడు ఎవరు లాగితేనేమి?”



“సరే. ఇంకెప్పుడూ ఆయన్ను చూసి నవ్వనులే.”

“నవ్వు. ఇప్పుడు పడవ కూడా లేదు. నువ్వు నవ్వకపోతే ఆయనకు పొద్దుపోదు.”

యూకంబీన్ చూడదగ్గ చోటే. పోయేవాళ్లు ఇద్దరుగా పోండి, రెండో సీట్లోవాడు కోపిష్ఠి అయినా ఫరవాలేదు. నేను మళ్లీ పోను. నా భుజానికి ఇక అంత ఓపిక లేదు. ఫోను జేబులో పెట్టి నిద్రపోయాను. సెంట్రల్ వచ్చిందని ఎవరో తట్టి లేపారు.