చేత్తో ఎక్కని నట్టు

మేస్త్రికి ఒక చాదస్తం ఉండేది. బండికి చక్రం ఎక్కించాక ఐదు నట్లనూ వేళ్లతోనే చివరిదాకా తిప్పేవాడు. ఐదూ వెళ్లి హాయిగా ఆనుకున్నాయని వేళ్లకు తెలిశాకే పానా అందుకునేవాడు. బండివాడు పళ్లు నూరుతూ నిలబడితే, "తొందరైతే నడిచి వెళ్లు బాబూ, ఒంటికి కూడా మంచిది" అనేవాడు. చేత్తో ఎక్కని నట్టు ఆ చక్రానిది కాదన్నది అతని లెక్క. ఆ లెక్క తప్పగా ఎవరూ చూడలేదు కాబట్టి, జనం ఆ చాదస్తానికి అనుభవం అని పేరు పెట్టారు.

అతని రేకుల షెడ్డు ముందు నుంచే కొండ మీది రాతిక్వారీకి దారి. దారి అనడం మర్యాదకే. ఆ బండరాళ్ల మీద తిరిగే బండ్లకు ఇరుసులు విరగడం మామూలు. అదే రకం ఇరుసు దొరక్కపోతే పాత సామాన్ల కొట్టు నుంచి మరో రకం బండిది తెచ్చి, కోసి, అతికించి వేయడంలో మేస్త్రి దిట్ట. అందులో ఒక మెలిక ఉంది. చక్రం నిలిచేది ఇరుసు చివర గుండ్రంగా పొదిగిన బోల్టుల మీద. ఐదు బోల్టులున్న ఇరుసులు బోలెడు దొరుకుతాయి గానీ, ఆ ఐదూ నిలబడిన వలయం ఒక్కో రకానికి ఒక్కో కొలత. తేడా ఎక్కువుంటే బాధే లేదు, చక్రం ఎక్కనే ఎక్కదు. ప్రమాదమంతా వెంట్రుకవాసి తేడాతోనే. చక్రం కాస్త మొరాయించి ఎక్కుతుంది. పానాతో లాగితే బోల్టులు పక్కకు వంగి నట్లు బిగుస్తాయి. చూసేవాళ్లకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. బండి తిరిగేకొద్దీ నట్లు వదులై, చక్రం బెజ్జాలు సాగి, చివరికి బోల్టులు పుటుక్కున తెగుతాయి.

ఆ వెంట్రుకవాసిని పట్టేవి మేస్త్రి వేళ్లే. ఆ వేళ్లు చచ్చుబడ్డాయి. షుగరు పని అది. మొదట్లో తిమ్మిరి అనుకున్నాడు. ఒకరోజు ఎవరితోనో కబుర్లు చెబుతూ కాలుతున్న సైలెన్సరు మీద చెయ్యి ఆనించాడు. అన్నం తెచ్చిన భార్య ముక్కు ఎగబీల్చి, "ఏమండీ, ఏదో కమురు వాసన" అంది. కమురుతున్నది అతని చెయ్యే.

"మసిగుడ్డ కాలినట్టుంది" అని ఆ చెయ్యి జేబులో దాచుకున్నాడు.

ఆ తర్వాత కూడా నట్లను వేళ్లతోనే తిప్పాడు. అదే మేస్త్రి, అదే చాదస్తం. కాకపోతే ఇప్పుడది వట్టి నటన. ఆ సంగతి తనొక్కడికే తెలుసనుకుని గుట్టుగా నెట్టుకొచ్చాడు.

క్వారీకి మనుషుల్ని చేరవేసే కొండబండి నడిపేది అతని భార్య తమ్ముడు. ఒకప్పుడు తాగి తందనాలాడినవాడే. పెళ్లాం విసిగి పుట్టింటికి వెళ్లిపోయాక బుద్ధొచ్చి, మందు మానేసి, కాళ్లావేళ్లా పడి ఆమెను తెచ్చుకున్నాడు. మళ్లీ ముట్టలేదు. స్నేహితులెవరైనా పిలిస్తే, "మా ఆవిడంటే నాకు చచ్చేంత భయంరా" అని నవ్వించి తప్పుకునేవాడు. వాడికి ఉద్యోగం, సంసారం, నలుగురిలో మాట అన్నీ ఆ మానేయడం మీదే నిలబడి ఉన్నాయి.

వాడి బండి ముందు ఇరుసు విరిగింది. మేస్త్రి వేరే రకం బండిది తెచ్చి వేశాడు. దీనికీ ఐదు బోల్టులే, పాత చక్రాలకూ ఐదు బెజ్జాలే. చక్రం మొరాయిస్తే అరచేత్తో ఒక్కటిచ్చాడు, ఎక్కింది. నట్లు తిప్పాడు. అవి మధ్యలో ఆగాయో, చివరకు వెళ్లి ఆగాయో వేళ్లు చెప్పలేదు. కొలత పరికరం పెట్టెలో నూనెగుడ్డలో చుట్టి ఉంది. కానీ బావమరిది పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఇన్నేళ్లలో లేనిది ఇవాళ కొలవడమేంటి బావా అని వాడు అడిగితే ఏం చెప్పాలి? ఆ ప్రశ్నకు జడిసి మేస్త్రి పానా అందుకున్నాడు. రెండో చక్రానికీ అంతే.

కొద్దిరోజులకు వాడు వచ్చి, "బావా, దిగుడులో స్టీరింగు వణుకుతోంది" అన్నాడు.

"కొత్త ఇరుసు కదరా. సర్దుకుంటుంది."

"నువ్వంటే సరే" అని వాడు వెళ్లిపోయాడు.

సర్దుకోలేదు. పని దిగాక కూలీలను తీసుకుని కొండ దిగుతుంటే ముందు ఎడమ చక్రం ఊడింది. బండి రాళ్లలోకి వెళ్లి పక్కకు పడింది. కూలీలు దెబ్బలతో బయటపడ్డారు. బావమరిది ఎడమ చెయ్యి విరిగింది. చక్రం లోయలోకి దొర్లిపోయిందని వాడు చెప్పాడు. పడే ముందు బండి అటూ ఇటూ మెలికలు తిరిగిందని కూలీలు చెప్పారు. అంతే, ఇంకేం కావాలి? పాత తాగుబోతు, మెలికలు తిరిగిన బండి. మళ్లీ మొదలెట్టాడని, రాళ్లకు గుద్ది చక్రం ఊడగొట్టుకున్నాడని ఊరంతా కోడై కూసింది. క్వారీవాళ్లు పని నుంచి తీసేశారు. పెళ్లాం పెట్టె సర్దుకుని పుట్టింటికి వెళ్లింది.

బండిని లాగి మేస్త్రి షెడ్డులోనే పడేశారు. అతను కుడి చక్రం విప్పి చూశాడు. రెండు బోల్టులు వంగి ఉన్నాయి. బెజ్జాలు గుడ్డు ఆకారంలో సాగి ఉన్నాయి. చేసింది తనే, పేరు పోయింది వాడికి.

చెప్పాలి. చెప్తే వాడు తాగలేదని తేలుతుంది, సంసారం నిలబడుతుంది. చెప్తే షెడ్డుకు మరో బండి రాదు. ఈ రెంటి మధ్యా మేస్త్రి రోజులు నెట్టాడు. సిగ్గులేని రోజులవి. వాడి గురించి జనం చెవులు కొరుక్కుంటుంటే వింటూ, తలొంచుకుని పానాలు తుడుచుకున్నాడు. చివరికి వాడికి క్యారేజీలో అన్నం సర్దుతూ భార్య కళ్లు తుడుచుకోవడం చూసి, "ఇటివ్వు, నేను తీసుకెళ్తాను" అన్నాడు.

బావమరిది గదిలో ఒంటరిగా, కట్టుకట్టిన చెయ్యి తలగడ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మేస్త్రి క్యారేజీ కింద పెట్టి, నిలబడే చెప్పేశాడు.

వాడు తల ఊపాడు. "తెలుసు బావా."

"ఏం తెలుసు?"

"ఆ చక్రం దొర్లలేదు. నేనే దొర్లించాను. బండిలోంచి పాక్కుంటూ వచ్చేసరికి పక్కనే పడి ఉంది. బెజ్జాలు చూశాను. ఎవరూ చూడకముందే ఒంటిచేత్తో లోయలోకి తోసేశాను."

"ఎందుకురా?"

"తాగాడంటే కొన్నాళ్లు అంటారు. తాగకుండా ఉంటే మళ్లీ నమ్ముతారు. ఒకసారి నమ్మించినవాణ్ణే కదా. నీ చేతులు మళ్లీ వస్తాయా? మా అక్క గతేంటి?"

"నా చేతుల సంగతి నీకెవరు చెప్పారు?"

"అక్కే. కమురు వాసన వచ్చిన రోజే చెప్పింది."

మేస్త్రి మంచం అంచున కూలబడ్డాడు. "తెలిసీ బండి నా దగ్గరికే తెచ్చావేంరా?"

"ఇంకెవరి దగ్గరికి తీసుకెళ్తాను బావా?" అన్నాడు వాడు.

ఆ మాటతో మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. లేచి నేరుగా క్వారీ ఆఫీసుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు విన్నారు. వేరే డ్రైవరును పెట్టుకున్నామన్నారు. అక్కణ్ణుంచి బావమరిది అత్తగారింటికి వెళ్లాడు. వాడి భార్య మేడ మీద దుప్పట్లు ఆరేస్తోంది.

మేస్త్రి మొదటి నుంచీ చెప్పాడు. వేళ్లు, ఇరుసు, బెజ్జాలు, లోయలోకి తోసిన చక్రం, ఏదీ దాచలేదు. ఆమె తడి దుప్పటి చేతుల్లోనే పట్టుకుని అంతా వింది.

"వాడు చుక్క ముట్టలేదమ్మా. నా మాట నమ్ము."

"నమ్ముతున్నానన్నయ్యా" అంది. "ఆయనా చెప్పాడు. తాగలేదే అని నా ఎదురుగా కూర్చుని చెప్పాడు. మరి బండి ఎందుకలా తిరిగిందని అడిగితే నోరు విప్పలేదు. నేను పెట్టె సర్దుకున్నాను."

"తప్పంతా నాది తల్లీ. పద, నేనే దింపుతాను."

ఆమె కదల్లేదు. "వెళ్లి ఏమని చెప్పను? నువ్వు చెప్తే నమ్మలేదు, మీ బావ చెప్తే నమ్మానని చెప్పనా?"

ఆమె వెనక్కి తిరిగి దుప్పటి తీగ మీద వేసి, ముడతలు సరిచేయసాగింది. అతను మెట్లు దిగి, వీధి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆమె కిందికి రాలేదు.